లోతు సముద్రపు స్క్విడ్‌లు, ఆక్టోపస్‌లు, వాటిని చదివే వృత్తి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం లోతు సముద్రంలో బతికే స్క్విడ్‌లు, ఆక్టోపస్‌ల గురించీ, వాటిని పరిశోధించడమే వృత్తిగా పెట్టుకోవడం గురించీ ఉన్నాయి. ఒకే తరహా ప్రశ్నలను కలిపి, వీలైనంత వివరంగా జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: జెయింట్ స్క్విడ్ గురించి చదివినప్పటి నుంచి దాన్నే పరిశోధించాలని కోరికగా ఉంది. ప్రస్తుతం డిగ్రీ రెండో సంవత్సరంలో జంతుశాస్త్రం చదువుతున్నాను. ఈ వృత్తిలో ఉన్నవారు రోజూ చేసే పని ఏమిటి? ఆ జీవిని ఎన్నిసార్లు చూడగలుగుతారు?

జవాబు: మీరు చివర అడిగినదానికి ముందు జవాబు చెబుతాను. బతికున్న జెయింట్ స్క్విడ్‌ను దాని సొంత నీటిలో ఒక్కసారి కూడా చూడకుండానే దాని మీద జీవితకాలం పనిచేసిన శాస్త్రవేత్తలు ఉన్నారు. డెన్మార్క్‌కు చెందిన యాపెటస్ స్టీన్‌స్ట్రుప్ ఈ జీవికి శాస్త్రీయ నామం పెట్టింది 1857లో. అది సముద్రంలో సజీవంగా తిరుగుతుండగా తీసిన మొదటి ఫొటోలు లభించింది 2004లో. జపాన్‌కు చెందిన త్సునెమి కుబొదెరా, క్యోయిచి మోరి కలిసి, స్పెర్మ్ తిమింగలాలు వేటకు వచ్చే ఒగసవారా దీవుల ప్రాంతాన్ని ఎంచుకుని, ఎర కట్టిన తాడుకు కెమెరా బిగించి దాదాపు 900 మీటర్ల లోతుకు దించారు. ఎరను పట్టుకున్న స్క్విడ్ నాలుగు గంటలకు పైగా పెనుగులాడి, చివరికి తన పొడవాటి స్పర్శకాలలో ఒకదాన్ని తాడుకే వదిలి వెళ్ళిపోయింది. అంతకు ముందు 1990లలో అమెరికా శాస్త్రవేత్త క్లైడ్ రోపర్ న్యూజిలాండ్ సముద్రంలో ఇదే జీవి కోసం పెద్ద యాత్రలు నడిపారు. ఆ యాత్రల్లో అది సజీవంగా కంటపడలేదు. అయినా ఆ జీవి శరీర నిర్మాణం గురించి ఆయనకు ఉన్న పరిజ్ఞానం అపారమైనది, ఎందుకంటే ఒడ్డుకు కొట్టుకొచ్చిన, వలల్లో చిక్కిన కళేబరాలను ఆయన ఓపికగా కోసి చూశారు.

ఈ ఉదాహరణలు మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. ఈ వృత్తిలో సముద్రం మీద గడిపే కాలం తక్కువ, బల్ల ముందు గడిపే కాలం ఎక్కువ అని మీరు ఇప్పుడే తెలుసుకోవడం మంచిదని చెబుతున్నాను. సంవత్సరంలో కొన్ని వారాలు ఓడ మీద ఉండే అవకాశం దొరికితే అదృష్టమే. మిగిలిన కాలమంతా అక్కడి నుంచి తెచ్చినవాటిని, లేదా ఎవరో ఎప్పుడో తెచ్చి సీసాల్లో భద్రపరిచినవాటిని పరిశీలించడంలోనే గడుస్తుంది. ఆ బల్ల దగ్గరి పని మీద ఇష్టం కలిగినవారే ఈ రంగంలో నిలుస్తారని నా నమ్మకం.

ఆ పని ఎలా ఉంటుందో ఒకటి రెండు వివరాలతో చెబుతాను. స్క్విడ్‌కు, ఆక్టోపస్‌కు శరీరమంతా మెత్తగా ఉన్నా నోట్లో మాత్రం పై భాగం, కింది భాగంగా, పక్షి ముక్కు లాంటి గట్టి ముక్కు ఉంటుంది. కైటిన్, మాంసకృత్తులతో తయారైన ఆ ముక్కు తిమింగలం పొట్టలో కూడా సులువుగా అరగదు. అందువల్ల ఒక్క స్పెర్మ్ తిమింగలం జీర్ణాశయంలోనే వేల సంఖ్యలో ముక్కులు పోగుపడి ఉండవచ్చు. బ్రిటిష్ శాస్త్రవేత్త మాల్కమ్ క్లార్క్ ఇలాంటి ముక్కులను ఏళ్ళ తరబడి వేరుచేసి, కింది ముక్కు ఆకారాన్ని బట్టి జాతిని ఎలా గుర్తించాలో, దాని కొన పొడవును బట్టి ఆ జీవి బరువును ఎలా అంచనా వేయాలో ఒక పద్ధతిగా తీర్చిదిద్దారు. మనుషులు వేసే వలలకు దొరకని పెద్ద స్క్విడ్‌లు ఎక్కడెక్కడ, ఎంత విస్తారంగా ఉన్నాయో మనకు మొదట తెలియజేసినవి తిమింగలాల పొట్టలే.

రెండోది స్టాటోలిత్. స్క్విడ్ తలలో, దాని సమతుల్యతను కాపాడే అవయవంలో ఉండే సున్నపు కణిక ఇది. చాలా జాతుల్లో ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. దాన్ని సన్నని పనిముట్లతో బయటికి తీసి, గాజు పలక మీద జిగురులో నిలిపి, అతి నునుపైన రాపిడి కాగితంతో మధ్య భాగం బయటపడే వరకు అరగదీయాలి. కొంచెం ఎక్కువ అరగదీస్తే మధ్య భాగమే పోతుంది, ఆ నమూనా ఇక పనికిరాదు. సరిగ్గా అరగదీస్తే మైక్రోస్కోప్ కింద పలుచని వలయాలు కనిపిస్తాయి. అనేక తీరప్రాంత జాతుల్లో రోజుకొక వలయం ఏర్పడుతుందని ప్రయోగాల ద్వారా నిర్ధారించారు కనుక, వలయాలను లెక్కిస్తే వయసు తెలుస్తుంది. లోతులో బతికే జాతులను ప్రయోగశాలలో పెంచడం దాదాపు అసాధ్యం. అందువల్ల అదే సూత్రం వాటికీ వర్తిస్తుందని నిరూపించడం ఇంకా చాలావరకు మిగిలే ఉంది. మీలాంటి విద్యార్థికి అది ఒక మంచి పరిశోధనాంశం.

ప్రశ్న: నాకు ఈత రాదు, ఓడ ప్రయాణం పడదు. ఈ రంగం నాకు సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే. సరదాకు చేసే స్కూబా డైవింగ్ పరిమితి దాదాపు 40 మీటర్లు. మనం మాట్లాడుకుంటున్న జీవులు వందల, వేల మీటర్ల లోతులో ఉంటాయి. ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది కనుక, 3,000 మీటర్ల దగ్గర దాదాపు 300 రెట్ల పీడనం ఉంటుంది. అక్కడికి వెళ్ళేవి పైనుంచి కేబుల్ ద్వారా నడిపే, మనుషులు ఎక్కని రోబో యంత్రాలైన ఆర్‌ఓవీలు, లేదంటే మందపాటి గోడలున్న జలాంతర్గాములు. ఓడ ప్రయాణం పడకపోవడం మందులతోనూ, అలవాటుతోనూ చాలామందికి తగ్గుతుంది, తగ్గనివారు నౌక పంపే ప్రత్యక్ష ప్రసారాన్ని ఒడ్డునే కూర్చుని చూస్తూ పరిశోధనలో పాల్గొంటున్నారు. అయితే ఓడ ఎక్కేవారికి సముద్ర భద్రతా శిక్షణ తప్పనిసరి, అందులో నీటిలో తేలడం కూడా ఉంటుంది కనుక ఈత నేర్చుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి ఈ చదువు చదువుతానని పట్టుబడుతోంది. ఎన్నేళ్ళు పడుతుంది, చివరికి ఉద్యోగం ఉంటుందా అన్నది మా బెంగ. దాచకుండా చెప్పండి.

జవాబు: దాచకుండానే చెబుతాను, ఎందుకంటే మీ బెంగలో న్యాయం ఉంది. డిగ్రీ, పీజీ, ఆ తర్వాత నాలుగు నుంచి ఆరేళ్ళ పీహెచ్‌డీ, ఆపైన సాధారణంగా ఒకటో రెండో తాత్కాలిక పోస్ట్‌డాక్టరల్ పదవులు, ఇదీ దారి. అంటే స్థిరమైన ఉద్యోగం గురించి ఆలోచించే సమయానికి అమ్మాయికి ముప్పై దాటుతుంది. లోతు సముద్రపు సెఫలోపాడ్‌ల (స్క్విడ్‌లు, ఆక్టోపస్‌లు చేరిన వర్గం) కోసమే కేటాయించిన పదవులు ప్రపంచం మొత్తం మీద చాలా కొద్ది. ఈ రంగంలో పేరున్నవారిలో కూడా కొందరు ముందు చేపల మీదో, తిమింగలాల ఆహారం మీదో పనిచేసి, తరువాత ఇటు వచ్చారు.

అందువల్ల నేను గట్టిగా ఇచ్చే సలహా ఒకటుంది. అమ్మాయి ఒక జీవిని ప్రేమించడం మంచిదే, కానీ ఉద్యోగం తెచ్చిపెట్టేది ఆమె చేతిలో ఉన్న పద్ధతి. జన్యు విశ్లేషణ, గణాంక శాస్త్రం, కంప్యూటర్ ప్రోగ్రామింగ్, వర్గీకరణ శాస్త్రం, వీటిలో కనీసం ఒకదానిలో ఇతరులు వెతుక్కుంటూ వచ్చేటంత నైపుణ్యం సంపాదించాలి. నీటిలో కలిసివున్న డీఎన్‌ఏను బట్టి అక్కడ ఏ జీవులున్నాయో చెప్పే విద్య నేర్చినవారు స్క్విడ్‌ల మీదా పనిచేయగలరు, అవకాశం లేకపోతే మరో జీవి మీదా పనిచేయగలరు.

అవకాశాల విషయానికి వస్తే, మత్స్య పరిశోధన విభాగాలు అన్నిటికన్నా ఎక్కువ మందికి పని ఇస్తాయి. వాణిజ్యపరంగా పట్టే స్క్విడ్‌లలో చాలావాటి ఆయుష్షు ఏడాది లేదా అంతకు కాస్త అటూ ఇటూ. ఈ ఏడాది పుట్టినవి వచ్చే ఏడాదికి ఉండవు కనుక, ఎంత పట్టవచ్చో ఏటా కొత్తగా అంచనా వేయాల్సిందే. మ్యూజియంలలో నమూనాల సేకరణను చూసుకునే పదవులు సంఖ్యలో తక్కువైనా చాలా విలువైనవి. సముద్రగర్భంలో తవ్వకాలకూ కేబుళ్ళకూ ముందు జరిపే పర్యావరణ సర్వేల్లో జీవులను గుర్తించగలవారు కావాలి. ఆర్‌ఓవీ నడిపే పైలట్లు, ఇంజినీర్లు కూడా ఈ శాస్త్రంలో భాగస్వాములే, వారి చేతి నేర్పు లేకుండా ఒక్క మంచి దృశ్యం కూడా మనకు దక్కదు.

ప్రశ్న: ఒక ఆక్టోపస్ నాలుగేళ్ళకు పైగా గుడ్లను పొదిగిందని విన్నాను. నిజమేనా? అన్నేళ్ళు ఒకే జీవిని చూస్తున్నామని ఎలా చెప్పగలిగారు?

జవాబు: నిజమే. ఈ ఉత్తరాలన్నిటిలో నాకు అత్యంత ఇష్టమైన ప్రశ్న ఇది, కాబట్టి కొంచెం విస్తరించి రాస్తాను.

కాలిఫోర్నియాలోని మాంటెరే బే అక్వేరియం పరిశోధన సంస్థను అందరూ ఎంబారి అంటారు. అక్కడి శాస్త్రవేత్త బ్రూస్ రాబిసన్ బృందం తీరానికి దగ్గరలోని సముద్రగర్భ లోయలో, దాదాపు 1,400 మీటర్ల లోతున్న ఒక చోటికి ఆర్‌ఓవీతో తరచూ వెళ్ళేది. 2007లో అక్కడి ఒక రాతి వైపు ఒక ఆక్టోపస్ పాకుతూ వెళ్ళడం చూశారు. అది గ్రానెలెడోన్ బోరియోపసిఫికా అనే జాతి. కొన్ని వారాల తరువాత తిరిగి వెళ్ళేసరికి అదే ఆడ ఆక్టోపస్ ఆ నిలువు రాతికి అంటిపెట్టుకుని, తన చేతుల కింద గుడ్లను కప్పుకుని ఉంది. ఒంటి మీది మచ్చలను బట్టి అది అదే జీవి అని నిర్ధారించుకున్నారు. చూడటానికి చిన్న విషయంగా తోచినా, ఆ మచ్చలను నమోదు చేసి ఉండకపోతే ఆ పరిశోధనే లేదు.

ఆ తరువాత 53 నెలల కాలంలో మొత్తం 18 సార్లు ఆ రాతి దగ్గరికి వెళ్ళారు. వెళ్ళిన ప్రతిసారీ తల్లి అక్కడే ఉంది. క్రమంగా చర్మం పాలిపోయి వదులైంది, కళ్ళు మసకబారాయి. అదే సమయంలో గుడ్లు పెద్దవవుతూ, లోపలి పిల్లల ఆకారం కనిపించేటంతగా స్పష్టమయ్యాయి. పీతలు, రొయ్యలు పక్కనుంచే వెళ్తున్నా అది పట్టించుకోలేదు, ఆర్‌ఓవీ చేతితో పీత ముక్కలు అందించినా తీసుకోలేదు. 2011 సెప్టెంబరులో చివరిసారిగా కనిపించింది. మరుసటి నెల వెళితే తల్లి లేదు, రాతి మీద ఖాళీ గుడ్డు తొడుగులు మిగిలి ఉన్నాయి. 2014లో ప్రచురితమైన ఈ పరిశీలన, అప్పటికి తెలిసిన జంతువులన్నిటిలో అత్యంత దీర్ఘమైన పొదిగే కాలాన్ని నమోదు చేసింది.

ఇంత కాలం ఎందుకు పడుతుందన్నదానికి ముఖ్యమైన జవాబు చలి. అక్కడి నీరు దాదాపు 3 డిగ్రీల సెల్సియస్. శరీర ఉష్ణోగ్రత చుట్టూ ఉన్న నీటినిబట్టే ఉండే జీవుల్లో పిండం ఎదుగుదల చల్లని నీటిలో చాలా నెమ్మదిగా సాగుతుంది. దానికి ప్రతిఫలంగా పిల్లలు బాగా ఎదిగి, పుట్టిన వెంటనే వేటాడగలిగే స్థితిలో బయటికి వస్తాయి.

దీనికి కొనసాగింపు లాంటి సంగతి మరొకటి అదే తీరానికి కొంత దూరంలో వెలుగులోకి వచ్చింది. డేవిడ్‌సన్ సీమౌంట్ అనే సముద్రగర్భ పర్వతం అడుగున, దాదాపు 3,200 మీటర్ల లోతులో, వేల ఆక్టోపస్‌లు గుంపులుగా గుడ్లు పొదుగుతున్న చోటు 2018లో కనిపించింది. అక్కడి నీరు 1.6 డిగ్రీలే. ఆ చలి ప్రకారం లెక్కవేస్తే పొదగడానికి అయిదేళ్ళకు మించే పట్టాలి. కానీ శాస్త్రవేత్త జిమ్ బ్యారీ బృందం గూళ్ళను మళ్ళీ మళ్ళీ చూసి, ఇక్కడా మచ్చల ఆధారంగా తల్లులను గుర్తుపట్టి లెక్కిస్తే, రెండేళ్ళ లోపే పిల్లలు బయటికి వస్తున్నట్టు తేలింది. రాతి పగుళ్ళలోంచి ఊరే వెచ్చని నీరు, కొన్నిచోట్ల 10 డిగ్రీల దాకా ఉండే నీరు, ఆ గూళ్ళను తడుపుతోంది. ఆక్టోపస్‌లు ఆ చోటునే ఎందుకు ఎంచుకున్నాయో అప్పుడు అర్థమైంది. 2023లో ఈ ఫలితాలను ప్రచురించారు.

ప్రశ్న: అంత చీకట్లో లైటు వేసి కెమెరాతో వెళితే ఆ జీవులు బెదరవా? మనం చూసేది వాటి సహజ ప్రవర్తనేనా?

జవాబు: చాలాసార్లు బెదురుతాయి, ఆ మాటను మా రంగంలో ఎవరూ కాదనరు. లోతు సముద్రపు జీవుల్లో చాలావాటికి ఎర్రని కాంతి కనిపించదు. దీన్ని ఆసరాగా చేసుకుని అమెరికా శాస్త్రవేత్త ఎడిత్ విడర్ ఎర్ర కాంతితో పనిచేసే, చప్పుడు లేని కెమెరాను తయారుచేశారు. ఆపదలో పడిన ఒక జెల్లీఫిష్ వెలిగించే నీలి మెరుపులను అనుకరించే ఎరను కూడా దానికి జోడించారు. 2012లో జపాన్ దక్షిణ సముద్రంలో ఆమె, కుబొదెరా, న్యూజిలాండ్ శాస్త్రవేత్త స్టీవ్ ఓషీ కలిసి జరిపిన యాత్రలో జెయింట్ స్క్విడ్‌ను దాని సహజ నీటిలో మొదటిసారి వీడియో తీయగలగడానికి ఈ ఆలోచన కూడా ఒక కారణం. 2019లో మెక్సికో అఖాతంలో, దాదాపు 760 మీటర్ల లోతులో, అదే పద్ధతి మళ్ళీ ఫలించింది.

అయితే తెల్లని లైట్ల వెలుగులో తీసిన వీడియో వ్యర్థమని అనుకోకండి. దాన్ని ఎంత ఓపికగా చూస్తారన్నదే ముఖ్యం. వాంపైర్ స్క్విడ్‌కు ఆ పేరు పెట్టింది 1903లో. నల్లటి ఒళ్ళు, చేతుల మధ్య గొడుగు లాంటి చర్మం చూసి అది భయంకరమైన వేటగాడని ఊహించారు. అది నిజంగా ఏం తింటుందో తేలడానికి 2012 దాకా పట్టింది. హెంక్‌యాన్ హోవింగ్, రాబిసన్ ఇద్దరూ దాదాపు రెండు దశాబ్దాలుగా ఎంబారిలో పోగుపడిన వీడియోలను తిరగేసి, పట్టిన జీవుల పొట్టల్లో ఏముందో చూసి, అది సన్నని పోగుల సాయంతో పైనుంచి రాలే సేంద్రియ పదార్థాన్ని పోగుచేసుకుని, జిగురుతో ముద్దగా కట్టి తింటుందని చూపారు. ఆ వీడియోల్లో ఎక్కువ భాగం వేరే పనుల కోసం తీసినవే.

ప్రశ్న: పరిశోధన పేరుతో అరుదైన జీవులను చంపి సీసాల్లో పెట్టడం తప్పనిపించదా?

జవాబు: అనిపించాలి. అలా అనిపించనివారి చేతికి నమూనా ఇవ్వకూడదని కూడా అంటాను. ఒక కొత్త జాతికి పేరు పెట్టాలంటే, దానికి సాక్ష్యంగా ఒక నమూనాను మ్యూజియంలో శాశ్వతంగా ఉంచడం వర్గీకరణ శాస్త్రంలో ఆనవాయితీ. కళేబరం లేకుండా లోపలి అవయవాలు, నాలుక మీది పళ్ళ వరుస, ముక్కు, జన్యువులు తెలియవు. అందువల్ల కొన్నింటిని పట్టక తప్పదు.

కానీ పట్టిన ఒక్కదాని నుంచి సాధ్యమైనంత జ్ఞానాన్ని రాబట్టడం మన బాధ్యత. ఓడ మీదికి రాగానే, రంగులు మాయక ముందే, కొలబద్ద పక్కన ఉంచి ఫొటోలు తీయాలి. తరువాత చిన్న కండర ముక్కను ఇథనాల్‌లో వేయాలి, ఎందుకంటే ఫార్మలిన్ తగిలితే డీఎన్‌ఏ పాడవుతుంది. మిగిలిన శరీరాన్ని, చేతులు మెలిపడకుండా సర్ది, ఫార్మలిన్‌లో గట్టిపరచాలి. ఆ ఫార్మలిన్‌లో ఆమ్లగుణం లేకుండా చూడకపోతే ఇందాక చెప్పిన స్టాటోలిత్ కరిగిపోతుంది. ఈ వరుసలో ఒక్క అడుగు తప్పినా ఆ జీవి మరణం కొంతవరకు వృథా అయినట్టే.

జీవించివున్న సెఫలోపాడ్‌ల మీద ప్రయోగాలకు చట్టపరమైన నియమాలు కూడా వస్తున్నాయి. ఐరోపా సమాఖ్య 2010 నాటి ఆదేశంలో వాటికి ప్రయోగశాల జంతువులకిచ్చే రక్షణ ఇచ్చింది. బ్రిటన్ 2022లో చేసిన చట్టం వాటిని నొప్పి, అనుభూతి ఉన్న జీవులుగా గుర్తించింది. నా దృష్టిలో ఇవి ఆలస్యంగా వచ్చిన మంచి నిర్ణయాలు.

ప్రశ్న: మేము చదువు పూర్తిచేసి వచ్చేసరికి కనిపెట్టడానికి ఇంకేమైనా మిగులుతుందా?

జవాబు: కొలాసల్ స్క్విడ్‌కు 1925లో శాస్త్రీయ నామం పెట్టారు, అదీ ఒక స్పెర్మ్ తిమింగలం పొట్టలో దొరికిన చేతుల ఆధారంగా. 2007లో అంటార్కిటికా దగ్గరి రాస్ సముద్రంలో పట్టుబడిన ఒకటి 495 కిలోలు తూగింది, అది న్యూజిలాండ్‌లోని తే పాపా మ్యూజియంలో ఉంది. అంత పెద్ద జీవి తన నీటిలో ఈదుతుండగా మొదటిసారి వీడియోకు చిక్కింది 2025 మార్చిలో. సౌత్ శాండ్‌విచ్ దీవుల దగ్గర, 600 మీటర్ల లోతులో కనిపించిన ఆ జీవి దాదాపు 30 సెంటీమీటర్ల పొడవున్న పిల్ల. పేరు పెట్టిన వందేళ్ళకు! ఎదిగిన కొలాసల్ స్క్విడ్ లోతుల్లో ఎలా వేటాడుతుందో ఎవరూ చూడలేదు.

హిందూ మహాసముద్రంలోని జావా అగాధంలో దాదాపు 7,000 మీటర్ల లోతులో డంబో ఆక్టోపస్ కనిపించిందనీ, ఫిలిప్పీన్ అగాధంలో 6,000 మీటర్లకు దిగువన బిగ్‌ఫిన్ స్క్విడ్ కనిపించిందనీ తెలిసింది ఇటీవలి సంవత్సరాల్లోనే. 2016లో హవాయి దీవుల వద్ద, 4,290 మీటర్ల దగ్గర, తెల్లగా, వాజాలు లేని ఒక ఆక్టోపస్ కనిపించింది, దానికి కాస్పర్ అని ముద్దుపేరు పెట్టారు. అదే కోవకు చెందిన ఆక్టోపస్‌లు పసిఫిక్‌లో మాంగనీసు ముద్దల మీద పెరిగి చచ్చిపోయిన స్పంజికల కాడల మీద గుడ్లు పెడతాయని ఆ ఏడాదే తెలిసింది. ఆ ముద్దలు మిలియన్ ఏళ్ళకు కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతాయి, వాటిని లోహాల కోసం తవ్వాలని ఇప్పుడు ప్రయత్నాలు సాగుతున్నాయి. తవ్వేసిన చోట ఆ ఆక్టోపస్ గుడ్లు పెట్టే ఆధారం మళ్ళీ ఏర్పడటం మనుషులు వేచి చూడగలిగే కాలంలో జరగదు. కనుక మీరు అడగవలసింది కనిపెట్టడానికి ఏం మిగిలిందని కాదు, కనిపెట్టేలోపు ఏది పోతుందని. ఈ విషయంలో నాకు నిజమైన ఆందోళన ఉంది.

ప్రశ్న: పీజీలో చేరడానికి ఇంకా సమయం ఉంది. ఈలోపు సొంతంగా ఏం చేయవచ్చు?

జవాబు: రెండు పనులు చేయండి. మొదటిది, ఫాథమ్‌నెట్ అనే ఉచిత చిత్రాల నిధిలో శాస్త్రవేత్తలు పేర్లు గుర్తించి పెట్టిన సముద్రజీవుల చిత్రాలు ఉన్నాయి. సెఫలోపాడ్‌ల చిత్రాలను తీసుకుని, పేరు చూడకుండా మీరే గుర్తించి, తరువాత సరిచూసుకోండి. చేతుల పొడవు, వాజాల ఆకారం, కాంతినిచ్చే అవయవాల అమరిక, వీటిని చూసే కన్ను ఇలాగే అలవడుతుంది.

రెండవది, సులువుగా లభించే ఏదైనా తీరప్రాంత స్క్విడ్‌ను కోసి, ముక్కును పగలకుండా బయటికి తీయడం నేర్చుకోండి. కింది ముక్కును పక్కనుంచి, పైనుంచి బొమ్మ గీయండి, కొన పొడవు కొలవండి, మాంటిల్ (తల, చేతులు కాకుండా మిగిలే సంచి లాంటి మొండెం) పొడవూ శరీర బరువూ నమోదు చేయండి. ముక్కును చిన్న సీసాలో ఆల్కహాల్‌లో వేసి, జాతి, తేదీ, చోటు రాసిన చీటీని సీసా లోపలే ఉంచండి. చీటీని పెన్సిల్‌తోనే రాయండి, ఎందుకంటే మామూలు సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. వేర్వేరు పరిమాణాల స్క్విడ్‌లతో ఇలా కొన్ని డజన్లు పూర్తిచేశాక, ముక్కు కొలతకూ శరీర బరువుకూ ఉన్న సంబంధాన్ని మీరే గ్రాఫు గీసి చూడండి. పీజీ ఇంటర్వ్యూకు వెళ్ళేటప్పుడు ఆ గ్రాఫునూ, ఆ నోటు పుస్తకాన్నీ వెంట తీసుకెళ్ళండి.